రాగిణి కాయకు నీళ్లు

ఏప్రిల్ 12

గుమ్మడి గింజలు తడిగుడ్డలో చుట్టి బాయిలర్ పక్క అలమరాలో పెట్టాను. అక్కడ ఉన్న ఈయన చొక్కాలన్నీ తీసి మంచం మీద పడేశాను. ఎందుకని అడిగారు. చొక్కాలకు మొలకలు రావు కదా అన్నాను.

ఈ ఏడు నాదే. మూడేళ్లుగా మా అలాట్‌మెంట్‌లో, అంటే కౌన్సిల్ అద్దెకిచ్చే తోట ముక్కలవాళ్లు పెట్టే బరువు పోటీలో, నా గుమ్మడికాయకు రెండో బహుమతి. మొదటిది ఎప్పుడూ డెరెక్‌దే. డెరెక్‌కు ఈ చలికాలంలో రెండు మోకాళ్లూ మార్చారు. తోట ముక్క కౌన్సిల్‌కు తిరిగిచ్చేశాడు. వెళ్తూ వెళ్తూ మిగిలిన ఎరువు బస్తా నాకిచ్చి, "నెక్స్ట్ ఇయర్ ఈజ్ యువర్స్, డాక్టర్" అన్నాడు. పాపం మంచివాడు. ఆ మోకాళ్లు మార్చిన సర్జన్ ఇంకా మంచివాడు.

ముప్పై ఏళ్లు మత్తు డాక్టరుగా పనిచేశాను. ఆపరేషన్ అయ్యాక రోగి కళ్లు తెరిచి చేతులు పట్టుకునేది సర్జన్‌వి. పువ్వులు, చాక్లెట్ డబ్బాలు సర్జన్‌కి. నేను తలవైపు ఉండేదాన్ని, ఎవరికీ కనపడను. రిటైరయ్యాక ఒక్కటే కోరిక మిగిలింది. ఒక్కసారి హాలులో నా పేరు మొదట పిలవాలి, నేను నడిచి వెళ్లి కప్పు అందుకోవాలి. నవ్వుకునేవాళ్లు నవ్వుకోనీ. ఇది నా డైరీ.

మే 3

మా మరిది కృష్ణచైతన్య బేసింగ్‌స్టోక్ ఇల్లు అమ్మేసి స్టీవెనేజ్ వచ్చేశాడు, మాకు రెండు వీధుల అవతలికి. తమ్ముడు దగ్గరికొచ్చాడని ఈయన ఒకటే సంబరం. అత్తగారు ఇక నెల మా ఇంట్లో, నెల వాళ్ల ఇంట్లో.

నా తోటికోడలు రాగిణి ఇవాళ అలాట్‌మెంట్ చూస్తానని వచ్చింది. మడమల చెప్పులు వేసుకుని వచ్చి, మట్టిలో దిగబడితే తనే పకపకా నవ్వింది. "అక్కా, ఇంత జాగా మీరొక్కరే ఏం చేసుకుంటారు? నాకో సగం ఇవ్వండి. ఒక మొక్క కూడా ఇద్దురూ, టైమ్‌పాస్ అవుద్ది."

టైమ్‌పాస్ అట.

కాదనలేక ఇచ్చాను. ఐదు మొలకల్లో మెడ వాలిపోయిన ఒకటి పారేద్దామని పక్కన పెట్టాను కదా, అదే ఇచ్చాను. మొక్కే కదా అడిగింది, మంచి మొక్క అనలేదు.

మే 26

నావి నాటాను. కింద పేడ ఎరువు, పైన గాజు మూత. పక్క ముక్క రోజమ్మ తన గోంగూర మడిలోంచి తొంగిచూసి, "డాక్టరమ్మా, పసిబిడ్డకి కూడా ఇంత చెయ్యరు" అంది. రోజమ్మది బాపట్ల. హాస్పిటల్లో సీనియర్ నర్సు. ఆమె నోట్లోంచి ఎప్పుడు మెచ్చుకోలు వస్తుందో, ఎప్పుడు చురక వస్తుందో నాకు ఈనాటికీ తెలియదు.

రాగిణి గునపంతో ఒక గుంత చేసి, మొక్క పెట్టి, ఫోటో తీసి కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెట్టింది. అందరూ చప్పట్ల బొమ్మలు.

నా మొక్కల ఫోటో ఎవరూ అడగలేదు. నేనూ పెట్టలేదు.

జూన్ 29

ఆడ పువ్వు విచ్చుకునే రోజు. పొద్దున్నే వెళ్లి మగ పువ్వు రేకులు తుంచి, పుప్పొడి చక్కగా అద్ది, ఇంకో తుమ్మెద రాకుండా పువ్వు మూతి దారంతో కట్టేశాను. తేనెటీగల మీద వదిలేస్తే ఒక్కోసారి పిందె నిలవదు.

రాగిణి తీరిగ్గా ఫ్లాస్కుతో కాఫీ పట్టుకుని వచ్చింది. "నా దానికీ ఏమైనా చెయ్యాలా అక్కా?"

"ఏమీ అక్కర్లేదు. ఈగలు చూసుకుంటాయి" అన్నాను.

కాఫీ బాగుంది.

జూలై 6

నా పిందె పసుపెక్కి రాలిపోయింది. రాగిణి పిందె నిలిచింది. ఈగలు చూసుకున్నాయి.

జూలై 11

రెండో పువ్వుకు కాయ పట్టింది. ఇంకేమీ బాధలేదు. పందెంలో ఆలస్యంగా బయల్దేరినవాళ్లు గెలవరని ఎక్కడా లేదు. మిగతా పిందెలన్నీ కోసేశాను, బలమంతా ఒక్కదానికే పోవాలి.

జూలై 20

కొలవలేదు. చేతిలో టేపు ఉంది, రాగిణి కాయ పక్కనుంచి నడుస్తున్నాను, ఊరికే చుట్టూ వేశాను.

నా కాయకంటే జానెడు పెద్దది.

ఎండకు తోలు గట్టిపడకుండా నేను తెల్లటి దుప్పటి కప్పుతున్నాను. అది తన పాత నైటీ కప్పింది. పూల నైటీ. తోటలో ప్రతివాడూ ఆగి దాన్ని చూసి నవ్వి, కాయను చూసి నోరు తెరిచి వెళ్తున్నాడు. నా దుప్పటి దగ్గర ఎవరూ ఆగరు.

జూలై 27

అత్తగారిని తీసుకెళ్లాను. ఈ నెల మా ఇంట్లో ఉన్నారు, నా వంట తింటున్నారు, నా పక్కన నా కారులో వచ్చారు. మడత కుర్చీ వేసి కూర్చోబెట్టాను. కూర్చోగానే రాగిణి కాయ వైపు తిరిగారు.

"అబ్బో! చిన్నదాని చెయ్యి చూశావుటే ప్రఫుల్లా? ఏం పట్టుకున్నా ఏపుగా వచ్చేద్ది. పెళ్లైన కొత్తలో పెరట్లో కరివేపాకు గుచ్చితే చెట్టైపోయింది!"

"నాదీ చూడండి అత్తయ్యా."

"చూశానే. బానే ఉంది. తిండి సరిగా పెడతన్నావా దానికి?"

నేను పెళ్లై ఈ ఇంటికి వచ్చినప్పుడు నేనూ ఒక కరివేపాకు మొక్క పెట్టాను. అది ఎవరికీ గుర్తులేదు. నిజం చెప్పాలంటే అది చచ్చిపోయింది, కానీ పెట్టిన మాట నిజమే కదా.

ఆగస్టు 6

నా కాయ ఎదగడం మానేసింది. నాలుగు రోజులుగా టేపు అదే గీత దగ్గర ఆగుతోంది. ఎరువు అదే, నీళ్లు అవే, ఎండ అదే. అత్తగారికి చెప్తే చప్పరించేసి, "ఎవరి కన్నో పడిందే. దిష్టి తీయి, పోద్ది" అన్నారు.

డాక్టర్ని. ఇలాంటివి నమ్మను. కానీ రాగిణి వచ్చినప్పుడల్లా నా కాయ వైపు చూస్తుంది. చూసి ఒక మాట అంటుంది. అనకుండా పోదు.

ఆగస్టు 8

వరలక్ష్మీ వ్రతం. రాగిణిని పిలిచాను, పిలవకపోతే బాగుండదు. ముదురాకుపచ్చ పట్టుచీర కట్టుకొచ్చింది. అత్తగారు నా పూజ ఆపి మరీ, "ఆ చీర ఎక్కడిదే?" అని అడిగారు. వెంబ్లీలో కొన్నదట.

తాంబూలం తీసుకుంటూ నాతో అంది కదా, "నాది సైజు వచ్చింది గానీ అక్కా, అందం మాత్రం మీ కాయదే. ఎంత గుండ్రంగా ఉందో!"

అదిగో. నోటితోనే అంది. వ్రతం రోజున, నా ఇంట్లో నిలబడి.

ఆగస్టు 10

రాయాలా వద్దా అని ఆలోచించాను. రాస్తాను, ఎవరు చూస్తారు.

వ్రతానికి తెచ్చిన కర్పూరం మిగిలింది. పొద్దున్నే ఎవరూ రాకముందే వెళ్లాను. గృహప్రవేశాల్లో గుమ్మడికాయ మీదే కర్పూరం వెలిగించి మూడుసార్లు తిప్పి పగలగొడతారు కదా. ఇది పగలగొట్టేది కాదు, ఎత్తి తిప్పేదీ కాదు. అందుకని తొడిమ పక్కన కర్పూరం పెట్టి వెలిగించి, గమ్‌బూట్లతో నేనే దాని చుట్టూ మూడుసార్లు తిరిగాను. "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, తోటికోడలి దిష్టి" అని మెల్లిగా అన్నాను కూడా. గాలికి ఆరిపోకుండా రెండు చేతులూ అడ్డం పెట్టాను. చాలాసేపు వెలిగింది. మనసు తేలికపడింది.

"డాక్టరమ్మా, ఏందో కాలతన్న వాసనొస్తంది!" అని రోజమ్మ షెడ్డు వెనక నుంచి కేకేసింది. ఇంత పొద్దున్నే వచ్చి ఏం చేస్తుందో ఆవిడ.

"అగర్‌బత్తీ. దోమలకి" అన్నాను.

ఆగస్టు 13

కర్పూరం పెట్టిన చోట నల్లటి మచ్చ, రూపాయి బిళ్లంత. పైపైదే. తోలు మందం, ఏం కాదు.

ఆగస్టు 17

మెత్తబడింది. వేలితో నొక్కితే దిగుతోంది.

ఆగస్టు 19

పాత స్కాల్పెల్ తీసుకెళ్లి కుళ్లిన చోటు చుట్టూ శుభ్రంగా కోసేశాను, మంచి కండ కనపడేదాకా. కనపడలేదు. కోస్తూ పోతే కత్తి మొన లోపలికి జారింది. లోపల ఖాళీ, గింజల వాసన.

లోపలిదాకా చిల్లు పడిన కాయను పోటీకి తీసుకోరు. అది మొదటి నిబంధన. మూడేళ్లుగా నాకు కంఠతా వచ్చు.

ఎవరి కాయ మీద ఎవరు నిప్పు పెట్టుకుంటారు? నేను పెట్టుకున్నాను. దాని కన్ను పడకపోతే పెట్టుకునేదాన్నా?

ఆగస్టు 20

నత్తలు తినేశాయని చెప్పాను అందరికీ.

ఆగస్టు 22

రాగిణి నా కాయ పక్కన చతికిలబడి ఏడ్చింది. నిజంగా ఏడ్చింది, ముక్కు చీదుతూ. "ఎంత కష్టపడ్డారక్కా! ఏప్రిల్ నుంచీ! నాకు ఎందుకొచ్చిందో, మీకు ఎందుకు పోయిందో!"

నాకు ఏడుపు రాలేదు. నా కాయ కోసం అది ఏడుస్తుంటే ఒళ్లు మండిపోయింది. ఏడుపు కూడా అదే తీసేసుకుంది. నేను పక్కన వంగి దాని వీపు నిమిరాను.

ఆగస్టు 30

రాగిణి కూతురు ప్రవల్లికకు నెలలు నిండకముందే నొప్పులు వచ్చాయట. రాగిణి కూతురి దగ్గరికి బేసింగ్‌స్టోక్ పరుగెత్తింది. వెళ్తూ మా గుమ్మం దగ్గర కారు దిగకుండానే అద్దం దించి తన దగ్గరున్న తోట గేటు తాళంచెవి నా చేతిలో పెట్టింది. "అక్కా, కాయకి నీళ్లు మీరే చూసుకోవాలి. పోటీ దాకా నేను రాలేనేమో. మీకు నేను చెప్పేదేముంది."

"నిశ్చింతగా వెళ్లిరా" అన్నాను.

సెప్టెంబర్ 1

ఆడపిల్ల. తల్లీబిడ్డా క్షేమం. రాగిణి అమ్మమ్మ అయింది. నాకంటే ఏడేళ్లు చిన్నది.

మా అబ్బాయితో పెళ్లి మాట ఎత్తితే సిగ్నల్ సరిగా లేదంటాడు. లండన్‌లో ఉంటాడు వాడు, అడవిలో కాదు.

సెప్టెంబర్ 3

ఈ వేసవంతా వాన లేదు. నేల బీటలు వారి ఉంది. రాగిణి రోజుకో డబ్బా నీళ్లు పోసేదట, రోజమ్మ చెప్పింది. అంత కాయకు ఒక డబ్బా ఏ మూలకి? రెండు పోశాను.

సెప్టెంబర్ 5

నాలుగు డబ్బాలు. నాకు ఒప్పజెప్పి వెళ్లినప్పుడు బాగా చూసుకోవాలి కదా.

సెప్టెంబర్ 7

ఒక సంగతి. ఎండిన నేలలో ఉన్న కాయకు ఒక్కసారిగా నీళ్లు ఎక్కువైతే లోపల కండ పెరిగినంత వేగంగా తోలు సాగదు. పగులుతుంది. నాలుగేళ్ల కిందట డెరెక్ కాయ ఒకటి అలాగే నెర్రె ఇచ్చింది. తెలియనివాళ్లు అలా పోస్తారు.

నేను మొక్క మేలుకోరి పోస్తున్నాను. ఎవరైనా అడిగితే అదే చెప్తాను. అడిగేది ఎవరు?

సెప్టెంబర్ 8

నీళ్లు పోశాను.

సెప్టెంబర్ 9

నీళ్లు పోశాను. సాయంత్రం మళ్లీ వెళ్లి పోశాను. భుజం నొప్పి.

సెప్టెంబర్ 12

ట్యాంకు నుంచి డబ్బాలు మోస్తుంటే రోజమ్మ దారికి అడ్డంగా నిలబడింది.

"డాక్టరమ్మా, అన్ని నీళ్లెందుకు? మడంతా చెరువైపోయింది. కాయ పగిలిపోద్దండీ."

"ఎండలు చూశావా రోజమ్మా?"

"ఎండలు చూశాను. మిమ్మల్నీ చూస్తన్నాను." అని నా చేతిలో డబ్బా వైపు చూసి, "మీ తోడికోడలికి ఫోన్ చేసి అడక్కపోయారా, ఎన్ని పొయ్యాలో?"

"నాకు తెలుసు ఎన్ని పోయాలో" అన్నాను. ఆ గొంతు ఆపరేషన్ థియేటర్లో జూనియర్ల మీద వాడేదాన్ని. రోజమ్మ పక్కకు తప్పుకుంది. పోశాను.

సెప్టెంబర్ 14

నైటీ ఎత్తి చూశాను. ఎక్కడా గీత కూడా లేదు. కాయకు చెవి ఆనించి విన్నాను. పగిలే ముందు చప్పుడు చేస్తుందంటారు. చల్లగా ఉంది, ఏమీ వినపడలేదు.

ఎంత పెరిగిందో కొలవలేదు. కొలవను.

సెప్టెంబర్ 15

రాగిణి ఫోన్. వెనకాల పసిపిల్ల ఏడుపు, ప్రవల్లిక గొంతు: "పెద్దమ్మా, మమ్ వోంట్ షటప్ అబౌట్ దట్ పంప్‌కిన్!" తర్వాత రాగిణి.

"అక్కా, నీళ్లు పోస్తున్నారా?"

"పోస్తున్నానే."

లైను పోయిందనుకున్నాను. "మీ ఓపికే ఓపిక అక్కా. కానివ్వండి" అని పెట్టేసింది.

సెప్టెంబర్ 16

వాన. అయినా వెళ్లాను. ఈయన గుమ్మంలో నిలబడి, "వానలో నీళ్లు పోయడానికి వెళ్తున్నావా?" అన్నారు. ముప్పై ఐదేళ్ల కాపురంలో ఈయన గమనించిన మొదటి విషయం ఇదే.

వెనక్కి వచ్చేశాను. గొడుగు కూడా తీసుకెళ్లలేదు, తల తడిసిపోయింది. అద్దంలో నన్ను నేను చూసుకుని భయపడ్డాను. ఏం చేస్తున్నాను నేను? ఒక కాయను చంపడానికి రోజూ స్నానం చేసి తయారై డ్యూటీకి వెళ్తున్నట్టు వెళ్తున్నాను.

సెప్టెంబర్ 17

రేపటి నుంచి ఒక డబ్బానే.

సెప్టెంబర్ 18

ఐదు.

సెప్టెంబర్ 27

పోటీ.

పొద్దున తొడిమ కోయడానికి రాగిణి వచ్చింది, కళ్ల కింద నల్లటి చారలతో. నైటీ తీసి చూసి నిలబడిపోయింది. నేను దాని వెనక నిలబడి, ఇప్పుడైనా ఎక్కడో నెర్రె కనపడుతుందని చూస్తున్నాను. టార్పాలిన్ మీదకు దొర్లించి ఎత్తడానికి ఆరుగురు మగాళ్లు పట్టారు, అందులో మా ఇద్దరి మొగుళ్లూ ఉన్నారు.

హాలులో కాటా మీద పెట్టారు. డెరెక్ చేతికర్రతో వచ్చాడు, కప్పు ఇచ్చేది ఈసారి అతనే. అంకె చూసి కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు. తన కాయలు ఏవీ దాని దగ్గరికి కూడా రాలేదన్నాడు. హాలంతా చప్పట్లు.

రాగిణి మైకు పట్టుకుంది. ఇంగ్లీషులో చెప్పింది. ఈ మొక్క మా అక్క ఇచ్చింది, నేల మా అక్కది, చివరి నెల నేను లేను, రోజూ నీళ్లు మోసింది మా అక్క, మీరు చూస్తున్న ఈ బరువు ఆవిడ పోసిన నీళ్లే. "డాక్టర్ ప్రఫుల్ల, ప్లీజ్ కమ్ అప్."

నా పేరు పిలిచారు. నడిచి వెళ్లాను. అత్తగారు మొదటి వరుసలో లేచి నిలబడి చప్పట్లు కొట్టారు, నా కోసం. డెరెక్ కప్పు ఒక పిడి నాకు, ఒక పిడి రాగిణికి పట్టించాడు. ఫోటో తీశారు. అందులో నేను నవ్వుతున్నాను.

రోజమ్మ ఒక్కతే చప్పట్లు కొట్టలేదు.

సెప్టెంబర్ 28

మధ్యాహ్నం రాగిణి తన తాళంచెవి తీసుకెళ్లడానికి వచ్చింది. నేను బీరకాయ చెక్కు తీస్తున్నాను. కుర్చీ లాక్కుని కూర్చుని, తనూ ఒక కాయ తీసుకుంది. కాసేపు పాప సంగతులు చెప్పింది. తర్వాత తలెత్తకుండా అంది.

"రోజమ్మగారు నాకు ఫోన్ చేశారక్కా. పన్నెండో తారీకునే."

నా చేతిలో కత్తి ఆగింది. "ఏమని?"

"డాక్టరమ్మ కాయని ముంచేస్తంది, పగలాలనే పోస్తంది, ఆపమని చెప్పమ్మా అని."

అబద్ధం ఆడదామనుకున్నాను. ఎండలు అందామనుకున్నాను. చివరికి, "మరి ఆపమని చెప్పలేదే?" అన్నాను.

"చెబ్దామనే ఫోన్ చేశా పదిహేనో తారీకున. మీ గొంతు వినగానే నోరు రాలేదు. ఆపమంటే, నాకు తెలుసని మీకు తెలిసిపోద్ది. ఆ తర్వాత మీరు నా మొహం చూడగలరా? నేను ఈ ఇంటికి రాగలనా? పోతే కాయే కదా పోయేది, పోనీ అనుకున్నా."

"మరి నిన్న స్టేజీ మీదకి ఎందుకు పిలిచావు? ఎగతాళికా?"

"ఎగతాళేంటక్కా! ఎందుకు పోస్తేనేం, మోసిన నీళ్లు మోసినట్టే కదా. మీ భుజం చూడండి, చెయ్యి పైకి లేవట్లేదు మీకు." అని నవ్వింది.

ఆ నవ్వులో వెటకారం కోసం వెతికాను. చాలా వెతికాను. దొరికి ఉంటే ఇవాళ హాయిగా ఉండేది. దొరకలేదు.

"ఇప్పుడు మాత్రం ఎందుకు చెప్తున్నావు?"

"రోజమ్మగారు ఎవరితోనైనా అంటే, ఆ మాట మీకు ముందు నా దగ్గర్నుంచే రావాలని. నేను ఆవిడకి చెప్పేశా, నేనే ఎక్కువ పొయ్యమన్నానని."

బీరకాయ పచ్చడి చేస్తున్నాను, తిని వెళ్లమన్నాను. తిన్నది. రెండుసార్లు కలుపుకుంది. నెయ్యి వేశాను.

అది వెళ్లాక గిన్నెలు కడుగుతూ ఏడ్చాను. పశ్చాత్తాపం అని రాయాలని ఉంది. కాదు. సిగ్గు కొంత ఉంది, కానీ ఏడుపు దానిది కాదు. కాయ పెరిగిందంటే ఈగల పుణ్యం, నీళ్ల పుణ్యం అనుకోవచ్చు. ఈ మంచితనం దానికి ఎవరు పోసి పెంచారు? నాకెందుకు రాలేదు? ఇందులో కూడా అదే మొదట వచ్చింది, ఇదొక పోటీ అని నాకు తెలియక ముందే.